తాతగారి బస్సుల ఫోటోలు, ఫిల్ము రీళ్ళు: స్టూడియోకు ఇచ్చే ముందు

మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను. మీ తాతగారు 1938 ప్రాంతం నుంచి 1960 దాకా కృష్ణా జిల్లాలో బస్సులు నడిపారు. ఇల్లు సర్దుతుంటే ట్రంకుపెట్టెలో దాదాపు 300 ఫోటోలు, బిస్కెట్ల డబ్బా నిండా నెగటివ్‌లు, 7 చిన్న ఫిల్ము రీళ్ళు బయటపడ్డాయి. రీళ్ళ డబ్బా మూత తీయగానే వెనిగర్ లాంటి పులుపు వాసన గుప్పుమంటోంది. తెలిసిన స్టూడియోవారు అన్నిటినీ శుభ్రం చేసి, బాగున్నవాటిని ఏరి, రంగులు వేసి ఫ్రేములు కట్టిస్తామంటున్నారు. ఇవ్వవచ్చా అని మీ ప్రశ్న.

ఇప్పుడే ఇవ్వవద్దు. పాత ఫోటోలు, ఫిల్ములు కాపాడే పనిలో ముప్పయ్యేళ్ళకు పైగా గడిపినవాడిగా చెబుతున్నాను, అందులోనూ మోటారు బండ్ల ఫోటోలంటే నాకు మొదటి నుంచీ కొంచెం పక్షపాతం ఉంది కాబట్టి ఈ సమాధానం కాస్త పెద్దదే అవుతుంది, ఓపిక పట్టండి.

మీ పెట్టెలో ఉన్నదాని విలువ తెలియాలంటే, ఆ రోజుల్లో మన దగ్గర బస్సు ఎలా తయారయ్యేదో గుర్తు చేసుకోవాలి. కంపెనీలు అమ్మింది బస్సును కాదు, ఛాసిస్‌ను. ఇంజను, బానెట్టు, చక్రాలు, స్టీరింగు, తోలుకొచ్చే డ్రైవరు కూర్చోవడానికి ఒక చెక్కపెట్టె, అంతే వచ్చేది. జనరల్ మోటార్స్ వారు 1928లో బొంబాయిలో బండ్లు బిగించడం మొదలుపెట్టారు. మద్రాసు దగ్గర ఎన్నూరులో 1948లో పుట్టిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. టాటాల కంపెనీ టెల్కో 1954లో మెర్సిడెస్ బెంజ్ సాయంతో లారీల తయారీలోకి దిగింది. ఈ ఛాసిస్‌ల మీద టేకు చట్రం నిలబెట్టి, రేకు తొడిగి, కిటికీలకు కాన్వాసు తెరలు కట్టి, పైన సామాను కారియర్ బిగించి, పక్కన సర్వీసు పేరు రాసి బస్సు చేసింది మన ఊళ్ళ వడ్రంగులు, రేకుపనివారు, బోర్డు పెయింటర్లు. వాళ్ళు డ్రాయింగులు గీసుకోలేదు, గీసినా దాచలేదు. కంపెనీ దస్తావేజుల్లో ఛాసిస్ ఫోటో దొరుకుతుంది గానీ, అవనిగడ్డ వైపో నూజివీడు వైపో తిరిగిన బస్సు ఎలా ఉండేదన్నది మీలాంటివారి ట్రంకుపెట్టెల్లో తప్ప మరెక్కడా ఉండదు.

హైదరాబాదు సంస్థానంలో పరిస్థితి కొంత మెరుగు. అక్కడ 1932లో నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. అది 1951 నవంబరు 1న రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చి, 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయింది. ప్రభుత్వ శాఖ కాబట్టి కాగితాలు మిగిలాయి, స్కాట్లాండులో తయారైన అల్బియాన్ బస్సు ఒకటి చూడటానికి నిలిచింది. అయినా అక్కడా ఖాళీలు లేకపోలేదు. ఆర్టీసీ బస్సుల నంబర్లలోని జెడ్ అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని అందరూ చెప్పుకునే కథ ఉంది కదా, దాన్ని నిలబెట్టాలన్నా కొట్టివేయాలన్నా ఉత్తర్వు కాగితమైనా కావాలి, నంబరు ప్లేటు స్పష్టంగా చదవగలిగే 1930ల నాటి ఫోటోలైనా కావాలి. కోస్తాలో బస్సులు ప్రైవేటు వారివి. కృష్ణా జిల్లా బస్సు యజమానులు జాతీయీకరణ పథకం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1958లో గెలిచిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసును, ‘అభ్యంతరాలు ఒకరు విని, నిర్ణయం మరొకరు చెప్పడం చెల్లదు’ అన్న సూత్రం కోసం దేశమంతటా లా విద్యార్థులు నేటికీ చదువుతారు. ఏ బస్సుల కోసం ఆ వ్యాజ్యం నడిచిందో ఆ బస్సుల ఫోటోలు చూపించమంటే మాత్రం చూపించగలిగేవారు అరుదు. మీ తాతగారు సరిగ్గా ఆ కాలంలో, ఆ జిల్లాలోనే బస్సులు నడిపారు.

ఇక స్టూడియో సంగతి. గుంటూరు వైపు ఒక కుటుంబం వారు చాలా ఏళ్ళ కిందట నాకొక పెద్ద ఫ్రేము తెచ్చి చూపించారు. బస్సు ముందు పంచెకట్టుతో యజమాని, పక్కన డ్రైవరు, ఆకాశం తెల్లగా, నేల నున్నగా, చూడముచ్చటగా ఉంది. ఇంట్లో ఇంకేమైనా ఉన్నాయా అని అడిగితే, పాత పంచాంగం మధ్యలో అరచేతి కంటే చిన్న అసలు ప్రింటు దొరికింది. భూతద్దం పెట్టి చూస్తే బస్సు వెనక నిలువెత్తు ఇనప డ్రమ్ము, దాని పక్కన పిడి పట్టుకుని గాలిచక్రం తిప్పుతున్న పన్నెండేళ్ళ కుర్రాడు, నేల మీద బొగ్గు బస్తా కనిపించాయి. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి బొగ్గు బస్సు. పెట్రోలుకు రేషను పెట్టిన రోజుల్లో కట్టెబొగ్గును సరిపడా గాలి అందకుండా మండించి, అందులో పుట్టే కార్బన్ మోనాక్సైడ్ గ్యాసుతో ఇంజను నడిపేవారు. తెల్లవారుజామున క్లీనరు చాలాసేపు గాలిచక్రం తిప్పితే గాని బండి కదిలేది కాదు. స్టూడియోవారు ఆ డ్రమ్ము వికారంగా ఉందని కత్తిరించారు, కుర్రాణ్ణి చెరిపేశారు, బస్తా ఉన్నచోట గడ్డి గీశారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఆ ఫోటోలో చరిత్ర అనదగ్గది ఏదైనా ఉంటే అది సరిగ్గా ఆ మూలనే ఉంది. యజమాని ముఖం ఇంకో పది ఫోటోల్లో దొరికింది. గాలిచక్రం తిప్పే కుర్రాడు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

కాబట్టి మొదట చేయవలసింది శుభ్రం చేయడం కాదు, స్కాన్ చేయడం కూడా కాదు. పెట్టెలో ఏది ఏ వరసలో ఉందో ఆ వరసలోనే, కదపకుండా, ఫోనుతో ఒక్కొక్కటి ఫోటో తీసి నంబరు వేయండి. ఒకే కవరులో ఉన్నవి ఒకే రోజు తీసినవి కావచ్చు. ముచ్చటపడి విడదీశారంటే ఆ బంధం మళ్ళీ కుదరదు. ప్రతి ఫోటోకు వెనకవైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర, పెన్సిలుతో రాసిన లెక్క, ఎవరో కొట్టివేసిన పేరు, అన్నీ అక్కడే ఉంటాయి. ఫోటో మీద మీరు ఏమీ రాయవద్దు. తప్పనిసరైతే వెనక, అంచున, మెత్తటి పెన్సిలుతో నంబరు మాత్రం వేయండి. బాల్‌పెన్ను గీత ముందువైపు పొంగి కనిపిస్తుంది.

ఆ వెంటనే మనుషుల దగ్గరకు వెళ్ళండి. 80 ఏళ్ళు పెట్టెలో ఉన్న నెగటివ్ ఇంకో ఆరు నెలలు ఆగగలదు. 88 ఏళ్ళ మీ పెద్దత్తయ్యగారి విషయంలో ఆ ధీమా మనకు లేదు. ఫోన్లో తీసిన ఫోటోలను పెద్ద కాగితం మీద ముద్రించి ఆవిడ ముందు పరచండి, రికార్డరు ఆన్ చేసి బల్ల మీద పెట్టి మరిచిపోండి. ‘ఇది ఎప్పుడు?’ అని అడిగితే ‘గుర్తులేదు నాయనా’ అంటారు. ‘అప్పటికి చిన్నాన్న పుట్టాడా, కొత్త వంతెన వచ్చిందా, ఆ అరుగు మీద కూర్చున్నదెవరు?’ అని అడిగితే గంటసేపు చెబుతారు. కుటుంబంతో ఆగవద్దు. పాత డ్రైవర్లు, మెకానిక్కులు, విజయవాడ ఆటోనగర్‌లో బాడీలు కట్టిన పెద్దవాళ్ళు బండిని మనం ముఖాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు. నేను వారం రోజులు పుస్తకాలు తిరగేసినా తేల్చలేకపోయిన ఒక లారీని, ఒక ముసలి మెకానిక్కు కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా ‘ఇది ఫార్గో, బానెట్టు పక్కన గీతలు చూడండి’ అని తేల్చేశాడు.

తేదీలు వేసేటప్పుడు జాగ్రత్త అవసరం. బండి ఆనవాళ్ళు ఫోటో ఏ సంవత్సరానికి ముందు తీసి ఉండదో చెబుతాయి, ఎప్పుడు తీశారో చెప్పవు. టాటా లారీ ముందు బెంజ్ నక్షత్రం గుర్తు ఉంటే ఆ ఫోటో 1954కు ముందుది కాదని ఖాయం, కానీ అదే లారీ ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ధాన్యం మోస్తూ ఉండవచ్చు. 1953 అక్టోబరు 1 దాకా మీ జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉంది కనుక అప్పటి బండ్ల నంబర్లు ఎం అక్షరంతో మొదలవుతాయి, ఆ ప్లేటు మాత్రం రాష్ట్రం మారిన తర్వాత కూడా బండితోపాటు తిరిగింది. వీటికన్నా బస్సు లోపలి చార్జీల బోర్డు మంచి సాక్షి. నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి కాబట్టి, బోర్డు మీద అణాలు ఉన్నాయా పైసలు ఉన్నాయా అన్న ఒక్క విషయంతో చాలా ఫోటోలు రెండు కుప్పలుగా విడిపోతాయి. మైలురాళ్ళు, గోడల మీది సినిమా పోస్టర్లు, ఎన్నికల గుర్తులు కూడా ఇలాగే పనికొస్తాయి. మీ నిర్ణయాన్ని ‘1957 తర్వాత, చార్జీల బోర్డు ఆధారంగా’ అని ఆధారంతో సహా రాయండి. ఊరికే ‘1958’ అని రాసేస్తే పదేళ్ళ తర్వాత అదే సత్యమై కూర్చుంటుంది.

ఇప్పుడు ఆ పులుపు వాసన. మీ రీళ్ళలో బొమ్మ పొరను మోసే ఆధారం సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్. తేమ, వేడి తగిలితే అది నెమ్మదిగా విడిపోయి అసిటిక్ ఆమ్లాన్ని, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే, విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం మళ్ళీ ఆ విచ్ఛిన్నాన్నే వేగిరం చేస్తుంది, పక్కనున్న మంచి రీలుకు కూడా చేటు తెస్తుంది. మొదలైనదాన్ని వెనక్కు తిప్పలేము, చల్లబరిచి నెమ్మదింపజేయగలం. కాబట్టి వాసన వచ్చే రీళ్ళను ఈ రోజే మిగతావాటి నుంచి వేరు చేసి, గాలి ఆడే, ఇంట్లోకెల్లా చల్లని గదిలో పెట్టండి. బిగుతు మూత డబ్బాలో పెడితే ఆవిరి లోపలే చేరి ఇంకా పాడవుతుంది. ఏది ఎంత చెడిందో తేల్చడానికి ఏ-డి స్ట్రిప్పులనే రంగు కాగితాలు దొరుకుతాయి, నీలం నుంచి ఆకుపచ్చ మీదుగా పసుపుకు తిరిగేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట. ముందు స్కాన్ చేయించవలసింది పసుపు తిరిగినవాటిని.

బిస్కెట్ల డబ్బాలోని నెగటివ్‌లలో మరో ప్రమాదం ఉండే అవకాశం ఉంది. కొడాక్ కంపెనీ తేలిగ్గా అంటుకుని మండే నైట్రేట్ ఫిల్ము తయారీని 1951 నాటికి పూర్తిగా ఆపింది, అంతకుముందు నాటి నెగటివ్‌లు నైట్రేట్‌వి కావచ్చు. అంచున ‘సేఫ్టీ’ అనే ఇంగ్లీషు మాట ఉంటే సాధారణంగా భయం లేదు. ఏ గుర్తూ లేకుండా పసుపు తిరిగి, జిగటగా, ఘాటు వాసన వస్తుంటే అనుమానించాలి. చిన్న ముక్క కత్తిరించి కాల్చి చూడమని ఎవరైనా చెబితే వినవద్దు, నైట్రేట్ నీళ్ళలో ముంచినా ఆరకుండా మండుతుంది. పుణేలో 2003 జనవరిలో నైట్రేట్ రీళ్ళు తగలబడి మన తొలినాళ్ళ సినిమా చరిత్ర ఎంతో బూడిదైంది. అలాంటివాటిని కాగితం కవర్లలో వేరుగా, పొయ్యికీ ఎండకూ దూరంగా ఉంచండి, కొరియరులో పంపవద్దు. రీళ్ళ విషయంలో ఈ దిగులు లేదు. ఇళ్ళలో వాడుక కోసం వచ్చిన 16 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల ఫిల్మును కొడాక్ మొదటి నుంచీ సేఫ్టీ ఆధారం మీదే తయారు చేసింది.

శుభ్రం చేయడం గురించి నేను చెప్పగలిగేది తక్కువ, ఎందుకంటే చేయవలసింది తక్కువ. మెత్తటి కుంచెతోనో చేతిపంపు గాలితోనో దుమ్ము దులపండి, అంతే. బూజు పట్టిన నెగటివ్‌ను తడిగుడ్డతో తుడిస్తే బొమ్మే ఊడి వస్తుంది. బూజు అప్పటికే బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొరను తిని నీళ్ళలో కరిగేలా చేసి ఉంటుంది మరి. అతుక్కుపోయిన ఆల్బమ్ పేజీలను పీకవద్దు, పేజీని ఉన్నది ఉన్నట్టే స్కాన్ చేయండి. దాచడానికి పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ తొడుగులు, ఆమ్లం లేని కాగితం కవర్లు వాడండి, మెత్తగా సాగే పీవీసీ తొడుగులు వద్దు. అటక, బయటి గోడను ఆనుకున్న అలమర, కలరా ఉండలు, ఈ మూడూ ఫోటోలకు శత్రువులే. గాజు పలకలు ఏమైనా ఉంటే ఒకదాని మీద ఒకటి పేర్చకుండా అంచు మీద నిలబెట్టండి. అన్నట్టు, పాత స్టూడియోల గాజు నెగటివ్‌లు చాలావరకు గాజు కోసమో, వెండి కోసమో కడిగి అమ్ముకోబడ్డాయి. మీ ఇంట్లో ఒక్కటి మిగిలినా అదృష్టమే.

ప్రింటూ నెగటివూ రెండూ ఉంటే నెగటివ్‌నే నమ్ముకోండి, ప్రింటులో లేని అంచు దానిలో ఉంటుంది. ఆనాటి పెట్టె కెమెరాల 6×9 సెంటీమీటర్ల నెగటివ్‌ను అంగుళానికి 2400 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే దాదాపు నాలుగున్నర కోట్ల పిక్సెళ్ళు వస్తాయి, బస్సు పక్కన రాసిన పేరు, రూటు బోర్డు, టైరు మీది అక్షరాలు చదవడానికి అది చాలు. 35 మిల్లీమీటర్ల నెగటివ్‌కు 4000 దాకా వెళ్ళండి. మామూలు ప్రింట్లకు 600 సరిపోతుంది, బాగా చిన్నవైతే 1200 పెట్టండి. నలుపు తెలుపు ఫోటో అయినా రంగుల్లోనే స్కాన్ చేస్తే మరకకూ సిరాకూ తేడా తెలుస్తుంది. స్కానరులోని ‘మెరుగుపరచు’ బొత్తాలన్నీ ఆపేసి, నాణ్యత తగ్గించకుండా దాచే 16 బిట్ల టిఫ్ ఫైలుగా, నలువైపులా అంచు కనిపించేలా దాచండి. వాట్సాప్‌లో బంధువులకు పంపేది ఆ ఫైలు నకలు కావాలి గాని ఆ ఫైలు కాకూడదు.

రీళ్ళను పాత ప్రొజెక్టరు సంపాదించి ఆడించాలని మనసు లాగుతుంది, నాకు తెలుసు. కుంచించుకుపోయిన ఫిల్మును ప్రొజెక్టరు పళ్ళు చించేస్తాయి. పళ్ళ చక్రం లేకుండా రోలర్ల మీద నడిచి, ఫ్రేము ఫ్రేముకూ ఫోటో తీసే స్కానరు ఉన్నవారికే ఇవ్వండి, తెర మీద ఆడిస్తూ ఫోనుతో తీసి ఇచ్చేవారికి ఇవ్వకండి. సూపర్ 8 వచ్చిందే 1965లో, కాబట్టి మీ తాతగారు 1960కు ముందు తీసినవైతే అవి మామూలు 8 మిల్లీమీటర్ల రీళ్ళయి ఉండాలి. అంచు రంధ్రాలు పెద్దవిగా, ఫ్రేముల మధ్య గీతకు సూటిగా ఉంటాయి. కొడాక్ ఫిల్మయితే అంచున గుండ్రం, చతురస్రం, త్రికోణం వంటి చిన్న గుర్తులు చూడండి. అవి ఫిల్ము తయారైన సంవత్సరాన్ని చెబుతాయి, అదే గుర్తు 20 ఏళ్ళకొకసారి మళ్ళీ వస్తుంది. 50 అడుగుల రీలు సెకనుకు 16 ఫ్రేముల చొప్పున నాలుగు నిమిషాల పైచిలుకు నడుస్తుంది. స్కాన్ చేసినవారు దాన్ని 25 ఫ్రేముల వేగంతో ఇచ్చారంటే బస్సులు ఎగురుతూ, మనుషులు గెంతుతూ కనిపిస్తారు. ‘పాతకాలం సినిమా అంతే’ అని నవ్వి ఊరుకోకుండా సరైన వేగంతో ఇవ్వమని అడగండి, ఎందుకంటే ఆ వేగంలోనే గేరు మార్చేటప్పుడు డ్రైవరు రెండుసార్లు క్లచ్ తొక్కడం వంటివి తెలుస్తాయి. నిలిచిన ఫోటో ఇవ్వలేనిది, సినిమా ఫిల్ము ఇవ్వగలిగేది అదే: బండి ఎలా ఉందో కాదు, దాన్ని ఎలా నడిపారో.

కృత్రిమ మేధతో స్పష్టత పెంచే పద్ధతులంటే నాకు వ్యతిరేకత ఎక్కువ, క్షమించాలి. మసకబారిన నంబరు ప్లేటును అది ‘బాగుచేసి’ చక్కటి అంకెలు చూపిస్తుంది, ఆ అంకెలు ఫిల్ము మీద లేనివి. రంగులూ అంతే. ఆ బస్సు ఎరుపో ఆకుపచ్చో మీ పెద్దత్తయ్యగారు చెప్పగలరు, యంత్రం చెప్పలేదు.

దాచడం గురించి క్లుప్తంగా: మూడు నకళ్ళు, రెండు వేర్వేరు రకాల పరికరాల్లో, అందులో ఒకటి వేరే ఊళ్ళో. మీ తమ్ముడుగారు అమెరికాలో ఉన్నారన్నారు, ఒక హార్డుడిస్కు అక్కడికి పంపండి. హక్కుల గురించి కూడా అడిగారు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. కాబట్టి ఆ చట్టం కిందికి వచ్చే ఫోటోల విషయంలో స్టూడియో ముద్ర చూసి జంకనక్కరలేదు. అసలు ప్రతులు ఇంట్లోనే ఉంచుకుని, వివరాలు రాసిన స్కాన్లను వికీమీడియా కామన్స్ వంటి బహిరంగ భాండాగారంలో పెట్టండి. ఫోర్డు కంపెనీ 1914లోనే సొంత సినిమా విభాగం పెట్టి, ఆ ఫిల్ములను 1963లో అమెరికా జాతీయ అభిలేఖాగారానికి ఇచ్చివేయబట్టే నాటి కర్మాగారాలు, రోడ్లు ఈనాటికీ అందరికీ కనిపిస్తున్నాయి. మన బస్సు బాడీలు కట్టినవారికి సినిమా విభాగాలు లేవు, కెమెరా సరదా ఉన్న మీ తాతగారి వంటి యజమానులే ఉన్నారు.

ఇవన్నీ అయ్యాక స్టూడియోవారిని పిలవండి, టిఫ్ ఫైలు నకలు చేతికిచ్చి వారికి నచ్చిన రంగులు వేసుకోమనండి. హాల్లో తగిలించుకోవడానికి అందమైన ఫ్రేము ఉండటంలో తప్పేమీ లేదు. ఫ్రేము వెనక అట్ట మీద మాత్రం అసలు నెగటివ్ నంబరు, రంగులు వేసిన సంవత్సరం రాయించండి.